పచ్చనిదంతా అడవి కాదు
సండూరు గని గుట్టలపై మళ్లీ మొలకలు
గడ్డి నుంచి మాను దాకా ఓ వరుస ఉంది.. డబ్బు పోసినా దాన్ని దాటలేం

సండూరు (బళ్లారి జిల్లా):
వానాకాలం ముగిసే వేళ హొసపేట నుంచి సండూరు వెళ్లే దారిలో కొండలన్నీ ఒకే దుప్పటి కప్పుకున్నట్లు కనిపిస్తాయి. ఇదే దారిలో ఒకప్పుడు ఇనుప ఖనిజం లారీలు లేపిన ఎర్రదుమ్ముకు చెట్ల ఆకులు సైతం ఎర్రబారాయంటే కొత్తగా వచ్చినవారు నమ్మరు. కొండ కోలుకుంది, అడవి వచ్చేసింది అనుకుంటారు.

దగ్గరకెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆ పచ్చదనం ఒకటి కాదు, మూడు. తవ్వకం తగలని వాలుల మీద ఉన్నది పాత అడవి. గని మట్టి పోసిన డంపుల మీద వరుసలు కట్టి నిలబడింది నాటిన తోట. రోడ్ల పక్కన, వాగుల ఒడ్డున, పూడిన కుంటల్లో ఎవరూ నాటకుండానే గుబురుగా అల్లుకున్నది మూడోది.. బళ్లారి జాలి. ఆ ముళ్లచెట్టుకు కన్నడంలో మన ఊరి పేరే స్థిరపడింది. సరిహద్దు దాటి రాయదుర్గం వైపు వెళ్తే అదే సర్కారు తుమ్మ. తమిళనాడులో ఉన్న మనవాళ్లకు సీమై కరువేలం.

ఈ మూడింటిలో ఏది అడవి? ఏది అడవి కాబోతుంది? ఏది ఎన్నటికీ కాదు? ఓ చోట మొక్కలు, జీవాలు ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చి స్థిరపడే క్రమాన్ని పాఠ్యపుస్తకాల్లో 'అనుక్రమం' అంటారు. మిగతాచోట్ల అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కావచ్చు. బళ్లారిలో మాత్రం సుప్రీంకోర్టు తీర్పులతో, వేల కోట్ల నిధులతో, చెరువు కింద సాగుతో ముడిపడిన ప్రశ్న.

కొండ బోడి అయ్యిందిలా..
1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. బళ్లారి, మిగతా తాలూకాలు అప్పటి మైసూరులో కలిశాయి. గీత ఎక్కడ గీసినా కొండలు ఒకటే, వాటిలోని ఇనుమూ ఒకటే. 2003 తర్వాత చైనా నుంచి గిరాకీ పెరగడంతో ఖనిజం ధర ఆకాశానికెక్కింది. లీజు హద్దులు దాటి తవ్వారు. అటవీ భూముల్లో డంపులు పోశారు. చివరకు రెండు రాష్ట్రాల సరిహద్దు రాళ్ల జాడ కూడా వివాదమై సుప్రీంకోర్టుకెక్కింది.

2011 జులై 27న కర్ణాటక లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే అక్రమ తవ్వకాలపై తుది నివేదిక ఇచ్చారు. రెండు రోజులకే, జులై 29న బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఆపాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాతి నెలలో చిత్రదుర్గం, తుమకూరు జిల్లాలకూ ఆ ఆదేశం వర్తించింది. కోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ 166 లీజులను పరిశీలించి ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేసింది. తక్కువ తప్పులున్నవి ఏ. హద్దులు బాగా మీరినవి సీ. 2013 ఏప్రిల్ 18 నాటి తీర్పుతో సీ తరగతి లీజులు రద్దయ్యాయి. మిగతావి మళ్లీ తెరవాలంటే గని చుట్టూ నేలను బాగుచేసే ప్రణాళికను అమలు చేయాల్సిందేనని షరతు పెట్టారు.

అలా యంత్రాలు ఆగిన కొండల మీద ప్రకృతి తన పని మొదలుపెట్టింది. రద్దయిన గనుల్లో కొన్ని 2016 నుంచి వేలంలోకి వచ్చి మళ్లీ తెరుచుకున్నాయి. కానీ యంత్రం ఆగిన ఆ కాలం ఒక పాఠం చెప్పింది. వదిలేస్తే మొక్క వస్తుంది. కానీ ఏ మొక్క వస్తుందన్నదే అసలు విషయం.

సున్నా నుంచి మొదలు
బీడు పడిన చేనుకు, గని డంపుకు చాలా తేడా ఉంది. చేను బీడు పడితే మట్టి అక్కడే ఉంటుంది. అందులో గడ్డి విత్తనాలు, పాత మొద్దులు, వేళ్ల ముక్కలు, వానపాములు, చెదలు, కంటికి కనబడని శిలీంధ్రాలు అన్నీ ఉంటాయి. నాలుగు వానలు పడితే చాలు, నేల తనంతట తానే లేస్తుంది. దీన్ని ద్వితీయ అనుక్రమం అంటారు. ఇల్లు కాలినా పునాది మిగిలినట్లు.

డంపు అలా కాదు. కొండ కడుపులోంచి తీసిన రాయి, రప్ప, పొడి తెచ్చి పోసిన గుట్ట అది. అది ఎప్పుడూ ఎండ చూడలేదు, విత్తనం చూడలేదు. నత్రజని దాదాపు ఉండదు. భాస్వరం ఉన్నా ఇనుము దాన్ని పట్టి ఉంచడంతో మొక్కకు అందదు. వాన పడితే నీరు నిలవదు, వాలు కోసుకుపోతుంది. వేసవిలో పైపొర పెనంలా కాలుతుంది. ఇలాంటి చోట జీవం సున్నా నుంచి మొదలు కావాలి. ఇది ప్రాథమిక అనుక్రమం. అగ్నిపర్వతం లావా చల్లారిన చోట, ఇసుక మేటల మీద జరిగేదీ ఇదే. 1883లో ఇండోనేసియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలి దీవి మీద పచ్చిక లేకుండా పోయింది. తర్వాతి ఏళ్లలో గాలి, సముద్రం, పక్షులు తెచ్చిన విత్తనాలతో అది మళ్లీ పచ్చబడిన తీరును శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి రాసిపెట్టారు.

క్రకటోవాకు సముద్రం అడ్డు. సండూరు డంపుకు ఆ బెడద లేదు. పక్క వాలులోనే పాత అడవి ఉంది. విత్తనం రావడానికి గాలి ఉంది, పిట్ట ఉంది, ఎలుగుబంటి ఉంది. అయితే ఆ పాత అడవి మిగిలి ఉండాలి. ఈ మాట గుర్తుంచుకోవాలి.

ముందొచ్చేవారు, వెనకొచ్చేవారు
మొదట వచ్చేవి మొండి మొక్కలు. రాతి మీద పాచి, బూజు లాంటివి పట్టుకుంటాయి. పగుళ్లలో గరిక, బోదగడ్డి, పంచెకు గుచ్చుకునే ముల్లుగడ్డి మొలుస్తాయి. గాలికి దూది పింజలా తేలివచ్చే గింజతో జిల్లేడు దిగుతుంది. వీటికి పెద్ద కోరికలు ఉండవు. తక్కువ తింటాయి, త్వరగా పూస్తాయి, వేల గింజలు రాల్చి ఎండిపోతాయి. వాటి ఎండుటాకే నేలకు దొరికే మొదటి ఎరువు.

ఆ వెంటే వెంపలి లాంటి చిక్కుడు జాతి మొక్కలు వస్తాయి. వీటి వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. రాయలసీమ రైతులు వెంపలిని కోసి మడిలో తొక్కించేది ఈ గుణం కోసమే. డంపు మీద ఆ పని ఎవరూ చెప్పకుండానే జరుగుతుంది. మట్టికి కాస్త ప్రాణం రాగానే తంగేడు, బందారు పొదలు లేస్తాయి. బందారును కన్నడంలో బందరికె అంటారు. పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి మేత ఉన్న చోట కూడా నిలబడుతుంది. పొద కింద నీడ, నీడలో తేమ, తేమలో చీమలు, చెదలు, పురుగులు. పురుగు కోసం పిట్ట. పిట్ట రెట్టలో విత్తనం.

ఇక్కడి నుంచి కథ వేగం అందుకుంటుంది. పిగిలిపిట్టలు, గోరింకలు రేగు, వేప, మర్రి విత్తనాలు మోసుకొస్తాయి. సండూరు పక్కనే, 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. ఎలుగుబంటి రేల, రేగు, మేడి పళ్లు ఇష్టంగా తింటుంది. ఎక్కడో తిన్న గింజను ఇంకెక్కడో విసర్జిస్తుంది. జీతం లేని అటవీ సిబ్బంది అన్నమాట.

ఇక చివరి వరుసలో వచ్చేవి నిదానంగా పెరిగే గట్టి మానులు. మన వైపు పొడి అడవుల్లో పెరిగే గంధం చెట్టునే చూడండి. దాని వేళ్లు పక్క చెట్ల వేళ్లను పట్టుకుని నీరు, లవణాలు పీలుస్తాయి. పక్కన తోడు లేకపోతే గంధం సరిగా ఎదగదు. అంటే బోడి గుట్ట మీద గంధం మొక్క ముందు నాటి లాభం లేదు. దానికి ఇల్లు కట్టిపెట్టేవారు ముందు రావాలి.

అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్లెమెంట్స్ 1916లో ఈ వరుసను మెట్లమెట్లుగా వివరించారు. చివరి మెట్టు స్థిరమైన అడవి అన్నారు. అదే దేశానికి చెందిన హెన్రీ గ్లీసన్ ఒప్పుకోలేదు. ప్రకృతికి ముందే గీసిన ప్లాను ఉండదు, ఏ విత్తనం ముందు పడిందన్న అదృష్టం కూడా లెక్కలోకి వస్తుందని వాదించారు. 1977లో జోసెఫ్ కానెల్, రాల్ఫ్ స్లాటియర్ ఈ వాదనలను తేటగా విడదీశారు. ముందొచ్చిన మొక్క వెనకొచ్చేదానికి సాయం చేయొచ్చు, పట్టించుకోకుండా ఉండొచ్చు, అడ్డం కూడా పడొచ్చు అన్నారు. వెంపలి మొదటి రకం. మరి మూడో రకం?

వచ్చి కదలని అతిథి
మూడో రకానికి మన కళ్ల ముందే ఉదాహరణ ఉంది. బళ్లారి జాలి ఈ నేల చెట్టు కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. బంజరు నేలల్లో వంటచెరకు దొరుకుతుందన్న ఆశతో బ్రిటిష్ అటవీ అధికారులు తెప్పించారు. 1878 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటినట్లు అటవీ చరిత్రలు చెబుతున్నాయి. అప్పటికి కడప, బళ్లారి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. అక్కడి నుంచి అది సర్కారు పేరు తగిలించుకుని దక్షిణాదంతా తిరిగింది.

న్యాయంగా చెప్పాలంటే దీనికీ మంచి గుణాలున్నాయి. ఇదీ నత్రజనిని నేలకు ఇస్తుంది. కరవు ఏళ్లలో పేదింటి పొయ్యి ఆరకుండా చూసింది. బొగ్గు కాల్చి బతికే కుటుంబాలు ఇప్పటికీ సరిహద్దుకు ఇరువైపులా ఉన్నాయి. చిక్కు ఎక్కడంటే, వచ్చిన అతిథి లేవడు. వేళ్లు లోతుకు దిగి నీరు తోడుకుంటాయి. రాలిన ఆకులోని రసాయనాలు పక్క గింజల మొలకకు అడ్డుపడతాయి. కాయ తియ్యగా ఉంటుంది కాబట్టి మేకలు, పశువులు తిని ఊరూరా గింజ చల్లుతాయి. నరికితే మొద్దు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. గడ్డి తగ్గుతుంది, మేత తగ్గుతుంది. పొద కింద వేరే మొక్క కష్టం. వరుస అక్కడే ఆగిపోతుంది.

ఉపగ్రహ చిత్రంలో మాత్రం ఇది కూడా పచ్చగానే కనిపిస్తుంది. గణాంకాల్లో పచ్చదనం పెరిగినట్లే. అడవి మాత్రం పెరగలేదు. అందుకే జాలిని కొట్టేయడం సగం పనే. మొద్దుతో సహా పెకలించాలి. ఖాళీ అయిన చోట వెంటనే స్థానిక గడ్డి, కానుగ, వేప, తంగేడు లాంటివి చేరేలా చూడాలి. లేదంటే ఆ ఖాళీలోకి మళ్లీ వచ్చేది అదే.

సరిహద్దు అవతల మరో కథ
వదిలేస్తే మంచి వరుస కూడా వస్తుందనడానికి పక్క జిల్లాలోనే సాక్ష్యం ఉంది. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న చెన్నేకొత్తపల్లి ఒకప్పటి అనంతపురం జిల్లాలోనే కరవు మండలం. 1990లో అక్కడ టింబక్టు కలెక్టివ్ 32 ఎకరాల బోడి నేలతో పని మొదలుపెట్టింది. వాళ్లు చేసిన పెద్ద పని చేయకుండా ఉండటమే! నరకలేదు, నిప్పు పెట్టనివ్వలేదు, మేపనివ్వలేదు. నీటికి అడ్డుకట్టలు వేశారు. మిగతాది నేల చేసుకుంది. నేలలో మిగిలిన మొద్దులు చిగురించాయి. గడ్డి లేచింది.

ఆ అనుభవంతోనే 1990ల తొలి ఏళ్ల నుంచి ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కల్పవల్లి పేరుతో వేల ఎకరాల గుట్టలను కాపాడుతూ వచ్చారు. ఎండాకాలం నిప్పు పడకుండా కావలి కాశారు. గడ్డి మేకలకు, గొర్రెలకు దొరికింది. ఈతచెట్లు తిరిగి రావడంతో ఈతాకు అల్లుకునేవారికి పని దొరికింది. ప్రభుత్వ రికార్డులో మాత్రం అది బంజరే. ఆ తర్వాత గాలిమరల కోసం గుట్టలెక్కే రోడ్లు వేశారు. వాలులు కోతకు గురవుతున్నాయన్న ఫిర్యాదు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. కోలుకుంటున్న నేలకు రికార్డులో వేరే పేరు లేకపోవడమే అక్కడి కష్టం.

కల్పవల్లిలో మట్టి మిగిలింది కాబట్టి కాపలా సరిపోయింది. సండూరు డంపులకు కాపలా ఒక్కటే చాలదు. మొదటి మెట్టు మనిషే కట్టాలి.

కోర్టు రాసిన మందుచీటీ
సుప్రీంకోర్టు షరతు ప్రకారం గనులకు బాగుసేత ప్రణాళికలను డెహ్రాడూన్‌లోని భారత అటవీ పరిశోధన, విద్యా మండలి తయారుచేసింది. వాటిలో మొక్క కంటే ముందు మట్టి మాట ఉంది. డంపు వాలు తగ్గించాలి. మెట్లు మెట్లుగా కోయాలి. అడుగున రాతి గోడ కట్టాలి. చుట్టూ కాలువ తీసి బురద నీటిని గుంటల్లో ఆపాలి. వాగుల్లో చిన్న చిన్న కట్టలు వేయాలి. వాలు మీద కొబ్బరి పీచు చాపలు పరిచి గడ్డి పట్టించాలి.

ఇవన్నీ ఎందుకంటే, డంపు నిలవకపోతే నష్టపోయేది కింద ఊళ్లు. వానకు కొట్టుకొచ్చిన ఎర్రమట్టి వాగుల్లో, చెరువుల్లో చేరుతుంది. చేలో పేరుకుంటుంది. డంపు మీద గడ్డి పరక నిలిస్తే కింద రైతు చెరువు నిలుస్తుంది. గని లోపలి అనుక్రమానికి, గని బయటి సాగుకు ఉన్న లంకె ఇదే.

డబ్బుకు కొదవ లేదు. నష్టపోయిన ప్రాంతాల బాగు కోసం 2014లో కర్ణాటక గనుల పర్యావరణ పునరుద్ధరణ సంస్థ ఏర్పడింది. ఖనిజం అమ్మకాల్లో కొంత వాటా ఈ ఖాతాకే చేరింది. దాదాపు 25 వేల కోట్ల రూపాయల ప్రణాళికకు 2022లో సుప్రీంకోర్టు దారి తెరిచింది. పర్యవేక్షణ బాధ్యతను సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి, తెలుగువారైన జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డికి అప్పగించింది. అదే ఏడాది బళ్లారి జిల్లా తవ్వకాల పరిమితిని ఏటా 35 మిలియన్ టన్నులకు పెంచారు. 2013 తీర్పు నాటికి ఇది 25 మిలియన్ టన్నులే. అంటే ఒకవైపు బాగుసేత, మరోవైపు తవ్వకం పక్కపక్కనే నడుస్తున్నాయి.

లెక్క తప్పేది ఇక్కడే
డబ్బు గోడ కట్టగలదు, చాప పరచగలదు, మొక్క కొనగలదు. కాలాన్ని కొనలేదు. 2021లో సైన్స్ పత్రికలో లూరెన్స్ పూర్టర్ బృందం ఓ అధ్యయనం వెలువరించింది. అమెరికా ఖండాలు, పశ్చిమ ఆఫ్రికాల్లో 77 చోట్ల సాగు వదిలేసిన నేలల్లో అడవి ఎలా తిరిగొస్తుందో చూశారు. నేల సారం పదేళ్లలోపే కోలుకుంది. చెట్ల జాతుల వైవిధ్యానికి 25 నుంచి 60 ఏళ్లు పట్టింది. పాత అడవిలో ఉండే ఆ జాతులే, ఆ బరువే తిరిగి రావడానికి 120 ఏళ్లకు పైమాటే. అదీ మట్టి మిగిలిన నేలల్లో. మట్టే లేని డంపులకు ఇంకెంత కాలమో ఊహించుకోవచ్చు.

ఈ నేపథ్యంలోనే 2024లో సండూరు దేవదారి కొండ వార్తల్లోకెక్కింది. అక్కడ 400 హెక్టార్లకు పైగా అటవీ భూమిలో ఇనుప ఖనిజం తవ్వకానికి ప్రభుత్వ రంగ సంస్థ కేఐఓసీఎల్ సిద్ధమైంది. 99 వేలకు పైగా చెట్లు పోతాయన్న లెక్క బయటకు రావడంతో నిరసన లేచింది. భూమి అప్పగించవద్దని రాష్ట్ర అటవీ శాఖ మంత్రి అధికారులను ఆదేశించారు.

ఇలాంటి ప్రతి చోటా వినిపించే జవాబు ఒకటే. పోయిన చెట్లకు బదులు వేరేచోట మొక్కలు నాటుతాం! చట్టమూ అదే చెబుతుంది. కానీ ఒక మానుకు పది మొక్కలు సమానమన్న లెక్క అనుక్రమం ముందు నిలవదు. ఒకే వయసు, ఒకే జాతి, వరుసగా నాటిన మొక్కలు తోట అవుతాయి. అది తప్పు కాదు. పక్కన పాత అడవి ఉండి, విత్తనం రాలుతూ, మేత, నిప్పు అదుపులో ఉంటే ఆ తోట కింద అడవి మొలవొచ్చు. పాత అడవినే కొట్టేస్తే తోటకు విత్తనం ఎవరు తెస్తారు? పిట్ట ఎక్కడ గూడు కడుతుంది? డంపు కోలుకోవడానికి కావలసిన గింజల గాదె అదే కదా. బాగుసేతకు దాచిన విత్తనాల కొట్టును తగలబెట్టి, కొత్త కొట్టుకు టెండరు పిలిచినట్లవుతుంది.

ఊరివాళ్లే గమనించొచ్చు
మన ఊరి గుట్ట కోలుకుంటోందా లేదా తెలుసుకోవడానికి నివేదికలే అక్కర్లేదు. కళ్లు చాలు.

* మొదటి రెండు మూడేళ్లలో గడ్డి నిలిచిందా? వాన తర్వాత గుట్ట కింద పారే నీరు ఎర్రగా చిక్కగా ఉందా, తేటబడుతోందా?

* నాటిన మొక్కల మధ్య ఎవరూ నాటనివి మొలుస్తున్నాయా? వెంపలి, తంగేడు, బందారు కనిపిస్తే వరుస మొదలైనట్లే.

* వేప, రేగు, మర్రి మొలకలు పొదల కింద కనిపిస్తున్నాయా? అంటే పిట్ట వస్తోంది.

* ఏ ఏడు చూసినా ఒకే చెట్టు, దాని కింద ఏమీ మొలవకపోతే అనుమానించాలి. అది జాలి అయితే మొలకగా ఉన్నప్పుడే పీకేయాలి. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

* గని తవ్వేటప్పుడు తీసిన పైమట్టిని విడిగా దాచాలని నిబంధన ఉంది. ఆ మట్టిలోనే విత్తనాలు, శిలీంధ్రాలు ఉంటాయి. ఏళ్ల తరబడి కుప్ప పోసి ఉంచితే అవి చచ్చిపోతాయి. అది ఎక్కడుంది, ఎప్పుడు వాడారు అని గ్రామసభలో అడగొచ్చు.

బళ్లారి కొండల్లో ఇనుము ఇంకా ఉంది. తవ్వకం ఆగదు. తవ్విన చోటల్లా రెండో రోజు నుంచే ఏదో ఒక మొక్క దిగుతుంది, అదీ ఆగదు. దిగిన మొక్క తర్వాతి దానికి దారి ఇచ్చేదా, దారి మూసేదా అన్నది మాత్రం మనుషుల చేతిలో ఉంది. దానికి కావలసింది మూడే. మట్టి నిలపడం, ముళ్లకంపను మొదట్లోనే ఆపడం, పక్కనున్న పాత అడవిని ముట్టకుండా ఉంచడం. మొదటి రెండూ పొరపాటైతే మళ్లీ చేసుకోవచ్చు. మూడోది పోతే మళ్లీ చేసుకోవడానికి ఒక మనిషి జీవితకాలం సరిపోదు.